మూడు నిమిషాల ఇరవై సెకన్లు

మొన్న ఆదివారం మా వాడికి చూపిద్దామని "సూపర్ 8" పెట్టాను. 2011లో జె.జె. ఏబ్రమ్స్ తీసిన సినిమా. కథాకాలం 1979. ఒహాయోలో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఓ చిన్న ఊరు. ఫ్యాక్టరీ ప్రమాదంలో తల్లిని పోగొట్టుకున్న జో, వాడి స్నేహితులు కలిసి జాంబీల సినిమా తీస్తుంటారు. ఓ రాత్రి రైల్వే స్టేషన్లో షూటింగ్ చేస్తుంటే కళ్ళ ముందే గూడ్సు బండి పట్టాలు తప్పుతుంది. అందులోంచి ఏదో బయటపడుతుంది. పిల్లలు పరుగో పరుగు... కింద పడిన కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆ జీవి సంగతి అలా ఉంచండి. మా వాడి సందేహం వేరే. "తీసింది అప్పుడే చూసుకోవచ్చుగా నాన్నా, అన్ని రోజులు ఎందుకు ఆగుతున్నారు?"

నిజమే, వాడికెలా తెలుస్తుంది! సూపర్ 8 అంటే కొడాక్ వాళ్ళు 1965లో తెచ్చిన ఫిల్ము. ఒక కార్ట్రిడ్జిలో 50 అడుగులు. సెకనుకి 18 ఫ్రేముల చొప్పున తీస్తే సరిగ్గా మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ తర్వాత ల్యాబుకి పంపి ఎదురుచూడాలి. అన్‌డూ లేదు, డిలీట్ లేదు, బ్యాకప్ అసలే లేదు. కెమెరాలోంచి వచ్చిన రీలే ఒరిజినల్, చాలా ఇళ్ళలో అదొక్కటే కాపీ.

కాపీ లేకపోతే ఏమవుతుందో ఈ సినిమా నిర్మాత స్టీవెన్ స్పీల్బర్గ్‌కి బాగా తెలుసు. 1964లో, పదిహేడేళ్ళ వయసులో, సుమారు 500 డాలర్లతో "ఫైర్‌లైట్" అనే సైన్స్ ఫిక్షన్ సినిమా 8 ఎంఎం ఫిల్ము మీద తీశాడు. రెండు గంటలు దాటిన సినిమా. ఫీనిక్స్‌లో ఓ థియేటర్లో ఒక్క రాత్రి ఆడింది. తర్వాత అవకాశాల కోసం తిరుగుతూ కొన్ని రీళ్ళు ఒక నిర్మాత చేతిలో పెట్టాడు. అవి మళ్ళీ తిరిగి రాలేదు. ఇప్పుడు మనకి దొరికేది కొన్ని నిమిషాలే. ఆ కథ మాత్రం పోలేదు. 1977లో "క్లోజ్ ఎన్‌కౌంటర్స్"గా మళ్ళీ వచ్చింది.

ఇంకో మలుపు చూడండి. 1982లో లాస్ ఏంజిలెస్ కుర్రాళ్ళిద్దరు సూపర్ 8 సినిమాల ఫెస్టివల్‌లో పాల్గొంటే పేపర్లో వార్త వచ్చింది. అది చూసి స్పీల్బర్గ్ ఆఫీసు వాళ్ళు ఆయన చిన్నప్పటి రీళ్ళు బాగుచేసే పని ఆ ఇద్దరికీ అప్పగించారు. అతుకులు ఊడిపోయిన ఒరిజినల్స్, టీనేజీ పిల్లల చేతికి! ఆ ఇద్దరిలో ఒకడు మాట్ రీవ్స్. రెండోవాడు ఏబ్రమ్స్. దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఏబ్రమ్స్, అదే స్పీల్బర్గ్‌తో కలిసి తీసిందే ఈ సినిమా.

అందుకేనేమో, ఇందులో నాకు బాగా గుర్తుండేది రైలు ప్రమాదం కాదు. జో తన గదిలో ప్రొజెక్టర్ పెట్టి ఆలిస్‌కి వాళ్ళమ్మ రీలు చూపించే సీను. గోడ మీద అమ్మ నవ్వుతూ చంటిపిల్లాడిని ఎత్తుకుంటుంది. ఆ కాసేపూ ఆమె ఉంది. రీలైపోగానే లేదు.

సినిమా అయ్యాక అటక ఎక్కాను. మా అక్క పెళ్ళి వీహెచ్ఎస్ క్యాసెట్టు, 1994ది. అందులో ఒకచోట మా నాయనమ్మ వీడియో లైటుకి కళ్ళు చికిలించి, కెమెరా అబ్బాయిని "తిన్నావా నాయనా?" అని అడుగుతుంది. ఆవిడ గొంతు మాకు మిగిలింది అందులోనే. అట్ట తీస్తే టేపంతా తెల్లటి బూజు. ఆఫీసులో రోజూ డేటాబేస్ బ్యాకప్పులు సరిగ్గా అయ్యాయో లేదో చూసుకునేవాణ్ణి, "వచ్చే సెలవుల్లో చేయిద్దాం" అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాను. తప్పు నాదే.

బూజు తుడిచి డిజిటల్లోకి మార్చేవాళ్ళు ఉన్నారట. రేపు సెలవు పెట్టాను. మీ అటక మీద ఏముందో మీరూ ఓసారి చూడండి.