వన్‌ప్లస్: ఒక్క ఫోను నుంచి డజను పేర్ల దాకా.. వినియోగదారులు ఏమంటున్నారు?

2014 ఏప్రిల్‌లో ‘వన్‌ప్లస్ వన్’ విడుదలైనప్పుడు చైనాలోని షెన్‌జెన్ కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ వద్ద అమ్మకానికి ఉన్నది ఒకే ఒక్క ఫోను. కొనదలచినవారికి ఎంపిక చేసుకునే శ్రమ ఉండేది కాదు. కష్టమంతా ఫోను దక్కించుకోవడంలోనే ఉండేది. సంస్థ నుంచో, అప్పటికే కొన్న మిత్రుడి నుంచో ఆహ్వానం అందితే తప్ప కొనే వీలుండేది కాదు. ఇప్పుడు అదే సంస్థ పేరుతో అంకెల ఫోన్లు, ‘ఆర్’ ఫోన్లు, నార్డ్, నార్డ్ సీఈ, సీఈ లైట్, మడతపెట్టే ఫోను వరుసగా వచ్చాయి. ఈ విస్తరణ వల్ల తమకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న విషయంలో భారతీయ వినియోగదారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ వాదోపవాదాలకు మూలమైన మార్పులను వివరించే కథనమిది.

ఆరంభంలో ఏముంది?

పీట్ లౌ, కార్ల్ పెయ్ 2013 డిసెంబరులో వన్‌ప్లస్‌ను స్థాపించారు. ఏడాది తిరిగేసరికి, అంటే 2014 డిసెంబరులో, తొలి ఫోను భారత్‌కు వచ్చింది. 64 జీబీ నమూనా ధర రూ.21,999. అదే స్థాయి ప్రాసెసర్ ఉన్న పెద్ద సంస్థల ఫోన్లు అప్పట్లో దాదాపు రెట్టింపు ధర పలికేవి. అందుకే ‘ఫ్లాగ్‌షిప్ కిల్లర్’ అన్న బిరుదు దానికి అతికినట్టు సరిపోయింది. ఫ్లాగ్‌షిప్ అంటే నౌకాదళంలో అధిపతి పతాకం ఎగిరే ఓడ. తెలుగులో దానికి దీటైన మాట స్థిరపడక ముందే ఆ మాట ఫోన్ల దుకాణాల్లో వాడుకలోకి వచ్చేసింది.

వచ్చీరాగానే చిక్కు ఎదురైంది. ఆ ఫోనులోని సయనోజన్ సాఫ్ట్‌వేర్‌పై భారత్‌లో తమకే ప్రత్యేక హక్కులున్నాయంటూ మైక్రోమ్యాక్స్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఢిల్లీ హైకోర్టు అమ్మకాలపై తాత్కాలిక నిషేధం విధించగా, కొద్దిరోజులకే డివిజన్ బెంచ్ దాన్ని ఎత్తివేసింది. 2015లో సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ ‘ఆక్సిజన్ ఓఎస్’ను తెచ్చింది. అనవసరమైన యాప్‌లు, ప్రకటనలు లేకుండా తేలిగ్గా నడిచే ఈ సాఫ్ట్‌వేరే చాలామంది పాత వినియోగదారులను ఆ సంస్థతో కట్టిపడేసింది. 2018 రెండో త్రైమాసికంలో రూ.30,000, అంతకు పైబడిన ధరల విభాగంలో వన్‌ప్లస్ 40 శాతం వాటాతో భారత్‌లో తొలిస్థానంలో నిలిచినట్లు కౌంటర్‌పాయింట్ రీసెర్చ్ అప్పట్లో వెల్లడించింది.

ధర ఎక్కిన మెట్లు

విమర్శల్లో మొదట వినిపించేది ధర. ఎంత పెరిగిందో తెలియాలంటే ఆరంభ ధరలను వరుసగా చూస్తే చాలు. 2016లో వన్‌ప్లస్ 3 రూ.27,999. 2018లో వన్‌ప్లస్ 6 రూ.34,999. 2019లో 7 ప్రో రూ.48,999. 2021లో 9 ప్రో రూ.64,999. 2023లో వన్‌ప్లస్ 11తో రూ.56,999కి దిగి, 2025 జనవరిలో వచ్చిన 13తో రూ.69,999కి, అదే ఏడాది నవంబరులో వచ్చిన 15తో రూ.72,999కి చేరింది.

ఈ పట్టికను రెండు విధాలుగా చదవవచ్చు. ధర పెరిగినా దానికి తగ్గ సౌకర్యాలూ పెరిగాయన్నది ఒక వర్గం మాట. 7 ప్రోలో 90 హెర్ట్జ్ తెర వచ్చింది. 8 ప్రోతో తొలిసారి తీగలేని ఛార్జింగ్, నీటి నుంచి రక్షణకు ఐపీ68 ప్రమాణం వచ్చాయి. 9 శ్రేణి నుంచి కెమెరాకు హాసెల్‌బ్లాడ్ పేరు జతపడింది. అయితే ఇవన్నీ లేకపోవడం వల్లనే కదా పాత ఫోను చౌకగా దొరికిందన్నది రెండో వర్గం వాదన. ఇతరులు వసూలు చేసే ధరే ఇక్కడా చెల్లించాల్సి వస్తే, ఇతరుల సేవా కేంద్రాలు, మారుబేరపు విలువ కూడా కావాలని వారు కోరుతున్నారు. ఈ కోరిక న్యాయమైనదే.

నార్డ్ రాక

చౌక ఫోను కావాలన్నవారికి సంస్థ ఇచ్చిన సమాధానం నార్డ్. 2020 జులైలో రూ.24,999 ఆరంభ ధరతో వచ్చిన తొలి నార్డ్‌కు మంచి ఆదరణ దక్కింది. మరుసటి ఏడాది నార్డ్ సీఈ, ఆపై 2022లో రూ.19,999కి సీఈ 2 లైట్ వచ్చాయి. తొలి లైట్ ఫోన్లలో వన్‌ప్లస్‌కు గుర్తింపు తెచ్చిన అమోలెడ్ తెర లేదు, ఎల్‌సీడీ మాత్రమే ఉండేది. 2023లో వచ్చిన సీఈ 3 లైట్‌లోనూ ముందటి ఏడాది వాడిన స్నాప్‌డ్రాగన్ 695 ప్రాసెసరే కొనసాగడం పలువురికి రుచించలేదు. మరోవైపు, తొలిసారి ఆ సంస్థ ఫోను కొనగలిగిన విద్యార్థులు, చిరుద్యోగుల సంఖ్యను పెంచింది కూడా ఈ లైట్ ఫోన్లే.

ఇందులో ఒక వింత ఉంది. ఇయర్‌ఫోన్ తీగను గుచ్చే రంధ్రాన్ని సంస్థ 2018లో 6టీ నుంచి తొలగించింది. అప్పట్లో అభిమానుల నుంచి తీవ్ర నిరసన ఎదురైంది. తర్వాత అదే రంధ్రం నార్డ్ సీఈలో తిరిగి ప్రత్యక్షమైంది. ఎక్కువ డబ్బు చెల్లించినవారికి లేనిది తక్కువ చెల్లించినవారికి దొరికింది.

పేర్లలో చిక్కుముడి

భాషాశాస్త్రం చదివినవారికి ఈ పేర్ల వరుస మంచి అధ్యయన వస్తువు. పేరు చివర చేరే అక్షరం ఒక ప్రత్యయం వంటిది. ఎక్కడ చేరినా ఒకే అర్థాన్నిస్తేనే అది ఉపయోగపడుతుంది. 3 తర్వాత 3టీ, 5 తర్వాత 5టీ వచ్చినప్పుడు ‘టీ’ అంటే అదే ఏడాది మెరుగుపరచిన ఫోనని అందరికీ అర్థమైంది. 2022లో 10టీ వచ్చేసరికి అసలు ‘వన్‌ప్లస్ 10’ అన్న ఫోనే లేదు. ప్రకృతి లేని ప్రత్యయమన్నమాట. సీఈ అంటే ‘కోర్ ఎడిషన్’, అంటే సారం మాత్రమే మిగిల్చినదని. దానికి మళ్లీ లైట్ అని చేర్చితే మిగిలేదేమిటో చెప్పడం కష్టం.

దేశం మారితే పేరూ మారుతుంది. భారత్‌లో 12ఆర్‌గా అమ్మిన ఫోను చైనాలో ఏస్ 3. అక్కడ 13టీగా వచ్చినదే స్వల్ప మార్పులతో ఇక్కడ 13ఎస్ అయింది. 13 తర్వాత నేరుగా 15 రావడానికి మాత్రం స్పష్టమైన కారణముంది. చైనా భాషలో నాలుగు అన్న అంకె ఉచ్చారణ మరణం అన్న పదానికి దగ్గరగా ఉంటుంది. అందుకే గతంలో వన్‌ప్లస్ 4 కూడా రాలేదు.

చిన్న మీట, పెద్ద వివాదం

రూపకల్పన విషయానికొస్తే అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది వేలిగోరంత మీట గురించి. 2015లో వన్‌ప్లస్ 2తో పరిచయమైన ‘అలర్ట్ స్లైడర్’ను జేబులోంచి ఫోను తీయకుండానే జరిపి, మోత, కంపనం, నిశ్శబ్దం అన్న మూడు స్థితుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. గుడిలోనో, తరగతి గదిలోనో, అధికారి ఎదుటో ఉన్నప్పుడు దాని విలువ తెలిసేది. 10టీలో దాన్ని తీసేసినప్పుడు వేగవంతమైన ఛార్జింగ్, యాంటెన్నా వంటివాటికి లోపల చోటు అవసరమైందని సంస్థ వివరించింది. వాడకందార్లు ఊరుకోలేదు. వన్‌ప్లస్ 11లో మీట తిరిగొచ్చింది. 2025లో 13ఎస్, నార్డ్ 5, 15 నమూనాల్లో దాని స్థానాన్ని ‘ప్లస్ కీ’ అన్న బొత్తాం ఆక్రమించింది. దీనికి కెమెరా, టార్చి వంటి నచ్చిన పనిని అప్పగించుకోవచ్చు. చేయగల పనులు పెరిగాయన్నది నిజం. చూడకుండానే వేలితో తడిమి ఫోను ఏ స్థితిలో ఉందో తెలుసుకునే సౌలభ్యం పోయిందన్నదీ అంతే నిజం.

వంపు తెరల కథ ఇందుకు భిన్నం. 7 ప్రోతో వచ్చిన అంచులు వంగిన తెరను మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. వాటికి మామూలు టెంపర్డ్ గ్లాస్ సరిగా అతకదని, అంచుల్లో వేలు తగిలి తెర తనంతట తానే స్పందిస్తోందని తర్వాత ఫిర్యాదులొచ్చాయి. 13లో వంపు బాగా తగ్గింది. 15లో తెర పూర్తిగా చదునైంది. ఇక్కడ వినియోగదారుల మాటే నెగ్గిందనుకోవచ్చు. అదే 15లో హాసెల్‌బ్లాడ్ పేరు కనుమరుగైంది, గుండ్రటి కెమెరా గడి చదరంగా మారింది. ఆ గుండ్రదనంతోనే ఫోనును దూరం నుంచి గుర్తుపట్టేవారికి ఇది నచ్చలేదు. 2024లో లోహపు ఒంటితో వచ్చిన నార్డ్ 4ను మాత్రం పాతతరం అభిమానులు కూడా మెచ్చుకున్నారు.

ఆకుపచ్చ గీత

ధర, పేరు, ఆకారం అభిరుచికి సంబంధించినవి. నమ్మకానికి సంబంధించిన అంశాలు వేరు. 2021లో ఒప్పోతో విలీనం ప్రకటించాక ఆక్సిజన్ ఓఎస్‌ను ఒప్పో సాఫ్ట్‌వేర్ పునాదిపైకి మార్చారు. ఆ ఏడాది డిసెంబరులో 9 శ్రేణికి ఇచ్చిన ఆక్సిజన్ ఓఎస్ 12 లోపాల కారణంగా కొద్దిరోజుల్లోనే ఉపసంహరణకు గురైంది.

అంతకన్నా ఎక్కువమందిని కలవరపెట్టింది తెరపై నిలువుగా వచ్చే ఆకుపచ్చ గీత. సాఫ్ట్‌వేర్ నవీకరణ అయ్యాక ఇది కనిపించిందని పలువురు ఫిర్యాదు చేశారు. వారంటీ ముగిసిన ఫోనుకు ఈ గీత పడితే మొత్తం తెరను మార్చడమే మార్గం. అమోలెడ్ తెర ఖర్చు ఫోను మిగిలిన విలువలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. నెల జీతమంత పెట్టి కొన్నవారికి ఇది చిన్న నష్టం కాదు. 2023లో కొన్ని పాత నమూనాలకు ఉచితంగా తెర మార్చేందుకు సంస్థ ముందుకొచ్చింది. 2024 డిసెంబరులో ఈ గీత సమస్యకు అన్ని నమూనాలకూ జీవితకాల వారంటీని ప్రకటించింది. మన్నిక, సేవల మెరుగుదలతో కూడిన ‘ప్రాజెక్ట్ స్టార్‌లైట్’ కింద మూడేళ్లలో రూ.6,000 కోట్లు వెచ్చిస్తామని అదే సమయంలో తెలిపింది.

తెలుగు రాష్ట్రాలతో ఈ సంస్థకు రెండు రకాల అనుబంధముంది. 2019 ఆగస్టులో హైదరాబాద్‌లో పరిశోధన, అభివృద్ధి కేంద్రాన్ని ప్రారంభించి, మూడేళ్లలో రూ.1,000 కోట్ల పెట్టుబడి పెడతామని చెప్పింది. మరోవైపు, 2024 మే 1 నుంచి వన్‌ప్లస్ ఉత్పత్తులను అమ్మబోమని దక్షిణాది రిటైల్ వ్యాపారుల సంఘం ఓఆర్ఏ ప్రకటించినప్పుడు ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దుకాణాలూ ఉన్నాయి. లాభాల వాటా తక్కువని, వారంటీ క్లెయిముల పరిష్కారంలో జాప్యం జరుగుతోందని వారు ఆరోపించారు. దుకాణదారుడి గోడు, కొనుగోలుదారుడి గోడు వారంటీ దగ్గర ఒక్కటయ్యాయి.

ఫిర్యాదు ఎక్కడ?

ఏ సంస్థ ఫోనులోనైనా తయారీ లోపం ఉన్నట్లు అనుమానం కలిగితే ముందుగా సేవా కేంద్రంలో జాబ్‌షీటు తీసుకోవాలి. నోటిమాటతో వెనుదిరిగితే తర్వాత ఆధారం ఉండదు. పరిష్కారం దొరకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఈ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాక, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలో కూడా కేసు వేసే వీలుంది. విజయవాడలో ఉంటూ ఆన్‌లైన్‌లో కొన్నవారు అమ్మకందారు చిరునామా ఉన్న నగరానికి వెళ్లనక్కర్లేదు. విడిభాగాలు, మరమ్మతులకు సంబంధించి వివిధ సంస్థలు ఇచ్చే సమాచారం కేంద్రం 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో లభిస్తుంది.