రైళ్ళను ఆపించిన పందెం

న్యూజెర్సీ నుంచి నయాగరాకు కారులో బయల్దేరే మన తెలుగు కుటుంబాల్లో కొందరు దారిలో వాట్కిన్స్ గ్లెన్‌లో ఆగుతారు. రాతిలోయలో జలపాతాలు చూసి, ఫోటోలు దిగి, మళ్ళీ దారి పడతారు. కొండ దిగాక వాళ్ళు నడిచే ఫ్రాంక్లిన్ వీధి ఒకప్పుడు కార్ల పందేనికి ముగింపు గీత ఉన్న వీధి. ఏటా అమెరికా నలుమూలల నుంచీ జనాన్ని రప్పించే వాట్కిన్స్ గ్లెన్ స్టాక్ కార్ల పందేనికి మూలం ఆ వీధిలోనే ఉంది.

కామెరాన్ ఆర్గెట్సింగర్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న కుర్రవాడు. సెనెకా సరస్సు ఒడ్డున వాళ్ళ కుటుంబానికి వేసవి ఇల్లు ఉండేది. అతని దగ్గర ఒక ఎంజీ కారు ఉంది, ఐరోపాలో జరిగే రోడ్డు పందేల మీద చెప్పలేనంత మోజు ఉంది. ఊళ్ళోనే అలాంటిది జరిపితే ఏం అనుకుని పెద్దల్ని ఒప్పించాడు. 1948 అక్టోబర్ 2న పందెం జరిగింది. దారి పొడవు 6.6 మైళ్ళు, అంటే పదిన్నర కిలోమీటర్ల పైమాటే. కోర్టు భవనం ముందు మొదలై, కొండెక్కి, కొంత తారు మీద, కొంత మట్టి మీద సాగి, రాతి వంతెన దాటి, రైలు పట్టాల మీదుగా తిరిగి ఊళ్ళోకి వస్తుంది. పందెం సాగినంతసేపూ రైళ్ళను నిలిపివేశారు. ఒక విద్యార్థి కోరికకు రైల్వే కంపెనీ తలొగ్గిందంటే ఆ ఊరు ఆ కలను ఎంతగా తనదిగా చేసుకుందో ఊహించుకోవచ్చు. ఆల్ఫా రోమియో నడిపిన ఫ్రాంక్ గ్రిస్‌వోల్డ్ గెలిచాడు.

అదే రోజు జరిగిన చిన్న పందెంలో బిల్ మిల్లికెన్ అనే విమాన ఇంజనీరు తన బుగాటీని ఆఖరి ల్యాప్‌లో ఒక మలుపు దగ్గర బోల్తా కొట్టించాడు. ఆ మలుపుకు అతని పేరే స్థిరపడింది. అతన్ని మళ్ళీ కలుద్దాం.

అదే 1948లో, దక్షిణాదిన ఫ్లోరిడాలో, నాస్కార్ అనే సంస్థ పుట్టింది. రెండింటికీ పొత్తు లేదు. గ్లెన్‌కు వచ్చేవాళ్ళు డబ్బున్నవాళ్ళు, వాళ్ళవి ఐరోపా నుంచి దిగుమతైన స్పోర్ట్స్ కార్లు. నాస్కార్ వాళ్ళు మెకానిక్కులు, దొంగసారాయి మోస్తూ పోలీసుల కళ్ళుగప్పిన డ్రైవర్లు. షోరూములో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారుతోనే పోటీ, అందుకే దానికి స్టాక్ కారు అని పేరు. వాళ్ళ ట్రాకులు ఎక్కువగా గుండ్రటి మట్టి ట్రాకులు, ఎప్పుడూ ఎడమ చేతివైపే తిరుగుడు. 1954లో నాస్కార్ న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయం రన్‌వేల మీద కుడి ఎడమల మలుపులతో ఒక పందెం పెట్టి చూసింది. అందులో గెలిచింది జాగ్వార్! అమెరికా సెడాన్ల సంస్థకు అది ఇబ్బందికరమైన ఫలితమే.

ఈలోపు గ్లెన్ వీధుల్లో నెత్తురు చిందింది. 1950లో ఫెరారీ నడుపుతున్న శామ్ కోలియర్ చనిపోయాడు. 1952లో ఒక కారు ఫ్రాంక్లిన్ వీధిలో జనాన్ని రాసుకుంటూ పోయి, పేవ్‌మెంటు మీద కూర్చుని చూస్తున్న ఏడేళ్ళ బాలుడి ప్రాణం తీసింది. ఊరి నడుమ పందేలకు అదే ఆఖరు. 1953 నుంచి పందెం కొండ మీది పొలాల మధ్య రోడ్లకు మారింది. 1956లో అక్కడే పందేనికంటూ 2.3 మైళ్ళ సొంత ట్రాకు వేశారు. దాని రూపకల్పనలో పాలుపంచుకున్నవాళ్ళలో మిల్లికెన్ ఒకడు. మలుపులో బోల్తాపడ్డవాడే మలుపులు గీయడానికి కూర్చున్నాడన్నది ఈ కథలో నాకు బాగా ఇష్టమైన చోటు.

కొత్త ట్రాకు మీదికి మరుసటి ఏడాదే, 1957 ఆగస్టు 4న, స్టాక్ కార్లు వచ్చాయి. షెవర్లే నడిపిన బక్ బేకర్ గెలిచాడు. మళ్ళీ 1964లో బిల్లీ వేడ్, 1965లో మార్విన్ పాంచ్. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు స్టాక్ కార్ల జాడ లేదు. 1961 నుంచి ఇక్కడ ఫార్ములా వన్ జరుగుతోంది, ట్రాకు పేరు ప్రపంచమంతా మోగుతోంది, నాస్కార్ అక్కర ఎవరికీ లేకపోయింది. 1980తో ఆ వైభవం ముగిసింది. అప్పుల్లో కూరుకుపోయి 1981లో గేట్లు మూతపడ్డాయి. పక్క ఊరు కార్నింగ్‌లోని గాజు కంపెనీ అనుబంధ సంస్థ, నాస్కార్ పందేలు జరిగే డేటోనా ట్రాకు యజమానులతో కలిసి 1983లో దాన్ని కొంది. బాగుచేసి 1984లో తెరిచారు. డేటోనా వాళ్ళు అడుగుపెట్టాక స్టాక్ కార్లు తిరిగి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1986 ఆగస్టులో వచ్చాయి, టిమ్ రిచ్‌మండ్ గెలిచాడు. ఏటేటా జరిగే పందెంగా లెక్క అక్కణ్ణుంచే.

ఈ పందెంలో ఉన్న కష్టం బయటివాళ్ళకు తేలిగ్గా తెలియదు. గుండ్రటి ట్రాకు కారును ఎడమ మలుపు కోసమే సిద్ధం చేస్తారు, బరువు కూడా ఎడమకే మొగ్గేలా పేరుస్తారు. ఇక్కడ ట్రాకు కుడిచేతి వైపుగా తిరుగుతుంది. టన్నున్నర పైబడిన కారు వేగంగా దూసుకొచ్చి మలుపు ముందు ఒక్కసారిగా తగ్గాలి, గేరు మార్చాలి, మెలికల దారిలో పైకి ఎగబాకాలి. ప్రతి ల్యాప్‌లోనూ బ్రేకులు కాలిపోతున్నంత వేడెక్కుతాయి. పందెం పొడవునా ఇదే పని. అందుకే జట్లు ఈ ఒక్క వారానికి రోడ్డు ట్రాకుల్లో ఆరితేరిన డ్రైవర్లను అద్దెకు తెచ్చుకునేవి. అయినా గెలుపు ఎక్కువగా గుండ్రటి ట్రాకుల మీద పెరిగినవాళ్ళదే అయింది. మార్క్ మార్టిన్ వరసగా మూడుసార్లు, జెఫ్ గోర్డన్ నాలుగు, టోనీ స్టీవర్ట్ అయిదు. నేర్చుకోవాలన్న పట్టుదలకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1991 గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. జె.డి. మెక్‌డఫీ నార్త్ కరోలినా మనిషి. చిన్న పెట్టుబడితో సొంత జట్టు నడుపుకుంటూ 650కి పైగా పెద్ద పందేల్లో పాల్గొన్నాడు, ఒక్కటీ గెలవలేదు. అయినా మానలేదు. ఆగస్టు 11 పందేనికి ముందు రాత్రి దగ్గర్లోని ఒక చిన్న ట్రాకులో జరిగిన పోటీలో గెలిచాడు. మర్నాడు అయిదో ల్యాప్‌లో, వెనకవైపు పొడవాటి తిన్నని దారి చివర, ముందు చక్రం ఊడిపోయింది. ఆ మలుపు దగ్గరే అతని ప్రాణం పోయింది. ఆరు వారాల ముందు అదే చోట, అలాగే చక్రం దెబ్బతిని టామీ కెండల్ అనే డ్రైవర్ కాళ్ళు నుజ్జయ్యాయి. 1992కల్లా తిన్నని దారి చివర వేగం తగ్గించే మెలిక ఒకటి కట్టారు. డ్రైవర్లు దాన్ని బస్‌స్టాప్ అంటారు. ఇవాళ ఎన్నో ఓవర్‌టేకులు అక్కడే జరుగుతాయి, జనం లేచి నిలబడి కేకలు వేసేదీ అక్కడే. అది ఎందుకు వచ్చిందో గుర్తున్నవాళ్ళు ఒక్క క్షణం మెక్‌డఫీని తలుచుకోవడం న్యాయం.

2012 ఆఖరి ల్యాప్ చూసినవాళ్ళు దాన్ని మరిచిపోలేరు. ట్రాకు మీద నూనె ఒలికి ఉంది. ముందున్న కైల్ బుష్ జారాడు, వెనకే వస్తున్న కెసెలోవ్‌స్కీ కారు తగలడంతో గిర్రున తిరిగిపోయాడు. ఆ ఇద్దరి వెనక ఉన్న మార్కస్ ఆంబ్రోస్, కెసెలోవ్‌స్కీతో గడ్డిలోకీ తారు మీదికీ పోట్లాడి గెలిచాడు. ఆంబ్రోస్‌ది ఆస్ట్రేలియాలోని టాస్మానియా. 2018లో చేజ్ ఎలియట్ తన మొదటి పెద్ద గెలుపు ఇక్కడే అందుకున్నాడు. గీత దాటాక పెట్రోలు అయిపోయి ఆగిపోతే, సాటి డ్రైవర్ జిమ్మీ జాన్సన్ తన కారుతో వెనకనుంచి నెట్టుకుంటూ తెచ్చాడు. 2025లో న్యూజిలాండ్ వాడైన షేన్ వాన్ గిస్‌బర్గెన్ గెలిచాడు.

ఆ 6.6 మైళ్ళ పాతదారి ఇంకా మామూలు రోడ్డుగానే ఉంది. ఏటా సెప్టెంబర్‌లో పాతకాలపు కార్లను కోర్టు ముందు నిలిపి, అదే దారిలో మళ్ళీ నడుపుతారు. మిగతా రోజుల్లో పాల వ్యానూ, బడి బస్సూ తిరుగుతాయి. నయాగరా వెళ్ళే దారిలో ఒక అరగంట మిగిలితే, మన కారూ ఆ రాతి వంతెన దాటి రావచ్చు.