చంద్రగిరి రాజమహలు – చెన్నపట్టణపు దానము

సైకిలుపై నొంటరిగా దూరయాత్ర సేయువారు తిరుపతినుండి నైరృతిదిశగా సుమారు 12 కిలోమీటర్లు పోయినచోఁ జంద్రగిరి చేరుదురు. కొండపాదమున మూఁడంతస్తుల రాజమహలును, దానిచెంత రాణీమహలును నిలిచియున్నవి. రాజమహలు నేఁడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల. తోడు లేని యాత్రికునకు స్థలమున వినఁబడు మాటయే చరిత్రయగును. కావున నందొకదానిని విమర్శింపవలసియున్నది.

ఆంగ్లేయులకుఁ జెన్నపట్టణపు స్థలమును రాయలీ మహలుననే వ్రాసియిచ్చెనని లోకవాదము. అచ్యుతదేవరాయలు 1529లో రాజ్యమునకు వచ్చుటకు ముందీ దుర్గమున నుండెను. పిదప నిది ఆరవీటివారికి రాజధాని యయ్యెను. కాఁబట్టి యీ వాదము పుట్టుట వింతగాదు. కాని 1639-వ సంవత్సరమున ఫ్రాన్సిస్ డే యనువానికిఁ బట్టా యొసంగినవాఁడు రాయలు గాఁడు. ఆయనకు లోఁబడిన దామెర్ల వేంకటాద్రినాయకుఁడు. శ్రీరంగరాయలు దానిని స్థిరపఱచుట 1645 నాఁటి మాట.

పట్టణమునకుఁ బేరు వచ్చినది నాయకుని తండ్రియగు చెన్నప్పవలన. ఇందులకు సాక్ష్యము తెలుఁగు కావ్యముననే కలదు. నాయకుని సోదరుఁడగు అంకభూపాలుఁడు తన ఉషాపరిణయమునఁ దండ్రిపేరఁ బట్టణము వెలసిన విషయమును జెప్పియున్నాఁడు.

రాజమహలు ఘనతకు లేని దానమును దెచ్చిపెట్టనక్కఱలేదు. అట్లు చేసినచో నసలు దాతపేరు మఱుగుపడును.