తొమ్మిది, ఎనిమిది, ఏడు

డ్రమ్స్ వెనక కూర్చోండి. కర్రలు పట్టుకోండి, కుడికాలు పెడల్ మీద పెట్టండి. రిహార్సల్ గది ఇరుకు. అప్పుడే చెమట పడుతోంది. వాయించబోయేది టూల్ బ్యాండ్ వాళ్ల ‘లాటరాలస్’, 2001లో అదే పేరుగల ఆల్బమ్‌లో వచ్చిన పాట. రికార్డులో ఈ డ్రమ్స్ డానీ కేరీవి. ఆయన తబలా కూడా నేర్చుకున్నవాడు. ఆ సంగతి మీ చేతులకు కాసేపట్లో తెలుస్తుంది.

గిటార్ ఒంటరిగా, సన్నగా మొదలవుతుంది. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా విరుచుకుపడి, మళ్లీ తగ్గుతారు. ఇప్పుడు చరణం. తకతకిట, తకతకిట. ఐదు. ఖండచాపు తాళం విన్న చెవికి ఇది తేలికే.

గాయకుడు అందుకున్నాడు. ఒక అక్షరం. ఆగాడు. ఇంకొకటి. తర్వాత రెండు, మూడు, ఐదు, ఎనిమిది. మళ్లీ ఐదు, మూడు. మాట విచ్చుకుని ముడుచుకుంటోంది. ముందున్న రెండు అంకెల్నీ కలిపితే తర్వాతది వచ్చే వరుస ఇది. ఫిబొనాచి పేరుతో ప్రసిద్ధమైంది గానీ, ఆయన 1202లో పుస్తకం రాయకముందే మన ఛందశ్శాస్త్రజ్ఞుడు హేమచంద్రుడు మాత్రలు లెక్కగట్టి ఇదే వరుస చెప్పాడు. ఐదు మాత్రల్ని లఘువులతో గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? ఎనిమిది. వేసి చూడండి, కానీ ఇప్పుడు కాదు. పల్లవి వచ్చేస్తోంది.

తకదిమి తకతకిట. తొమ్మిది.

తకదిమి తకజొణు. ఎనిమిది.

తకిట తకదిమి. ఏడు.

గిటార్‌లో ప్రతిసారీ ఒక దెబ్బ తెగిపోతోంది. బేసి లెక్కలు రాక్‌లో చాలాకాలంగా ఉన్నవే. ఇక్కడ విశేషం ఈ తరుగుదల. వింటున్నవాణ్ణి లోపలికి లాగేస్తుంది.

మీ కాలు మాత్రం నాలుగు, నాలుగు అంటోంది. దాని మాట వినాలా? గిటార్ వెంట పోవాలా?

తేల్చుకోండి. టైము లేదు.

తొమ్మిది అయింది. కాలు తేడా కొట్టింది. గుండె జారింది. గిటారిస్ట్ తలెత్తి మీవైపు చూశాడు. ఆగొద్దు. ఎనిమిది. ఇంకా కలవలేదు. కాలు ఆపొద్దు. ఏడు. తకిట. తకదిమి. ఇప్పుడు!

ధన్!

కలిసింది. కాలు, గిటార్, గొంతు, అన్నీ ఒక్కచోటే పడ్డాయి. ఎలా? తొమ్మిదీ ఎనిమిదీ ఏడూ కలిపితే ఇరవై నాలుగు. అంటే ఆరు నాలుగులు. కాలూ గిటారూ రెండూ నిజమే చెప్పాయి. తెగిందనుకున్న దెబ్బ ఎక్కడికీ పోలేదు. ఈ పాటకు మొదట పెట్టుకున్న పేరు కూడా 9-8-7. విడ్డూరమేమిటంటే, 987 కూడా ఆ ఫిబొనాచి వరుసలోని సంఖ్యే.

ఇంత లెక్క ఉన్నా ఇది ఒంటితో వినాల్సిన పాట. ఇంకా సగానికి పైగా మిగిలి ఉంది. కర్రలు దించకండి.