కాటుక మీసం

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఓసారి అక్కడ నాకో విదేశీ పత్రిక దొరికింది. భాష ఒక్క ముక్క రాదు. అయితేనేం, కథంతా అర్థమైంది! పేజీ నిండా వరసగా ఫోటోలు, మనుషుల నోటి పక్కన బుడగలు, బుడగల్లో మాటలు.

ఈ ఫోటో కథలు 1947లో ఇటలీలో మొదలయ్యాయి. యుద్ధంలో చితికిపోయిన ఆ దేశంలో ఆడవాళ్ళు వాటిని ఎగబడి చదివారు. సోఫియా లోరెన్ కూడా సినిమాల్లో పేరు రాకముందు వాటిల్లో నటించిందే! తర్వాత లాటిన్ అమెరికాలో ఆ ప్రేమకథల పద్ధతిలోనే ఆరోగ్య పాఠాలు చెప్పారు.

మన దగ్గర మాత్రం కథ చేసిన పని తక్కువా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత వాచకంలో సారా వల్ల నలిగిపోయిన సీతమ్మ కథ ఉండేది. రాత్రిబడిలో ఆడవాళ్ళు అది చదువుకుని, తమ ఇళ్ళ సంగతులే మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. వాళ్ళ కథ మరో పాఠమైంది. 1992లో ఉద్యమం జిల్లా అంతా అల్లుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇదంతా తలుచుకునే నాంపల్లిలో మా మహిళా మండలి వాళ్ళం తాగుడు మీద ఓ ఫోటో కథ చేశాం. కథని 12 ముక్కలు చేసి, ముక్కకో ఫోటో తీసి, అట్ట మీద అంటించి, మాటలు రాసిన కాగితపు బుడగలు అతికించాం. తాగుబోతు మొగుడి వేషానికి మాత్రం ఒక్క మగాడూ ముందుకు రాలేదు! చివరికి పక్కింటి పిన్నిగారే బాబాయిగారి ప్యాంటూ చొక్కా తొడుక్కుని, కాటుకతో మీసం దిద్దుకున్నారు.

ముందుగా మా పనిమనిషికి చూపించాను. మీసం చూసి పగలబడి నవ్వింది. ఆఖరి ఫోటోలో మొగుడు లెంపలేసుకుంటున్నాడు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

"గిట్ల మారుతరా అమ్మా? పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న నేను" అంది.

ఏం చెప్పను? సీతమ్మ కథ చదివినవాళ్ళు మొగుళ్ళు మారేదాకా చూస్తూ కూచోలేదు కదా! ఆ ఫోటో పీకేసి కొత్తది తీశాం. ఇందులో మొగుడు లేడు. వాకిట్లో ఆడవాళ్ళందరూ ఉన్నారు. తనూ ఉంటానని మా పనిమనిషే వచ్చి మధ్యలో నిలబడింది. బుడగలో మాట కూడా తనే చెప్పింది, నేను రాశాను.

"రాత్రి ఏ టైముకైనా నా తలుపు కొట్టు చెల్లె."