ఎర్ర పార్టీల్లోంచి పుట్టిన ఆకుపచ్చ పార్టీ

గ్రీన్ పార్టీ అనగానే నలుగురు పర్యావరణ ప్రేమికులు ఒకచోట చేరి పెట్టుకున్నదేమో అనుకుంటాం. నెదర్లాండ్స్ లోని గ్రూన్‌లింక్స్ కథ అది కాదు. పేరుకి అర్థం "ఆకుపచ్చ వామపక్షం". అందులో "వామపక్షం" ముందు, "ఆకుపచ్చ" తర్వాత వచ్చాయని నా అభిప్రాయం.

దీన్ని పెట్టినవి నాలుగు పార్టీలు. పెద్దన్న కమ్యూనిస్టు పార్టీ. యూదుల్ని పట్టుకుపోతున్నందుకు నిరసనగా 1941 ఫిబ్రవరిలో నాజీల కళ్ళెదుటే ఆమ్‌స్టర్‌డామ్ లో సమ్మెకి పిలుపిచ్చింది వీళ్ళే. యుద్ధం అయ్యాక జనం ఆ ఋణం తీర్చుకున్నట్టు 1946లో వంద సీట్లలో పది ఇచ్చారు. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి వెళ్ళేసరికి అదే ఆమ్‌స్టర్‌డామ్ జనం వీళ్ళ ఆఫీసు మీద పడ్డారు! ఆ మరుసటేడే శాంతివాద సోషలిస్టులు వేరుకుంపటి పెట్టుకున్నారు. లేబర్ పార్టీ మెచ్చిన నాటో వాళ్ళకి నచ్చలేదు, కమ్యూనిస్టులు మెచ్చిన మాస్కో అంతకన్నా నచ్చలేదు. మూడోది 1968లో కాథలిక్ పార్టీ నుంచి అలిగి వచ్చినవాళ్ళది, నాలుగోది బైబిల్ పట్టుకునే ఎడమవైపు నడిచే చిన్న పార్టీ.

ఇంత తేడా ఉన్నవాళ్ళు ఎలా కలిశారు? ఆదర్శం ఉంది గానీ, అసలు కారణం లెక్కలే. 1986 ఎన్నికల్లో నలుగురికీ కలిపి 150లో మూడు సీట్లు. కమ్యూనిస్టులకి గుండుసున్నా. (మన దగ్గర కమ్యూనిస్టులు చీలడమే చూసిన నాలాంటివాడికి ఈ కలవడం వింతగానే ఉంటుంది.) చర్చలు ఆగుతూ సాగుతూ ఉండగా 1989 మేలో ప్రభుత్వం కూలింది. కారణం చూడండి: పర్యావరణ ప్రణాళికకి డబ్బుల కోసం, ఉద్యోగానికి వెళ్ళొచ్చే ఖర్చు మీద ఉన్న పన్ను రాయితీ తీసేద్దామంటే సంకీర్ణంలోని లిబరల్ పార్టీ ఒప్పుకోలేదు. గ్రీన్ పార్టీ పుట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా? అయినా వచ్చినవి ఆరు సీట్లే. 1990 నవంబరులో అధికారికంగా ఒకే పార్టీ అయ్యారు.

పాత కోడ్ నాలుగుచోట్ల నుంచి తెచ్చి కలిపితే ఏదో ఒకరోజు బయటపడాల్సిందే కదా. పడింది కూడా. 2011 జనవరిలో అఫ్ఘనిస్తాన్ లోని కుందూజ్ కి పోలీసు శిక్షణ దళాన్ని పంపాలని మైనారిటీ ప్రభుత్వం అనుకుంది. గ్రూన్‌లింక్స్ నాయకురాలు యోలాండె సాప్ షరతులు పెట్టి మద్దతిచ్చింది. సైన్యమే వద్దన్న పార్టీ వారసులు! షరతుల సంగతెలా ఉన్నా, పాత శాంతివాదులకి అది మింగుడుపడలేదు. 2012 వసంతంలో బడ్జెట్ కోతలకి చేతులు కలిపిన అయిదు పార్టీలకి "కుందూజ్ సంకీర్ణం" అనే పేరు పడింది. ఆ పైన నాయకత్వం కోసం ఇంటి తగువొకటి. సెప్టెంబరు ఎన్నికల్లో పది సీట్లు నాలుగయ్యాయి. ఒక్క కుందూజే ముంచిందని అననుగానీ, తాము ఎవరి తరఫున ఉన్నారో చెప్పలేకపోయారని మాత్రం అనిపిస్తుంది.

2017లో జెస్సే క్లావర్ అనే కుర్ర నాయకుడు పధ్నాలుగు తెచ్చాడు, 2021కి అవి ఎనిమిదికి దిగాయి. మళ్ళీ అదే పాత మందు: 2023లో లేబర్ పార్టీతో ఉమ్మడి జాబితా, పాతిక సీట్లు. 2025 జూన్ లో రెండు పార్టీల సభ్యులూ పూర్తి విలీనానికి ఓటేశారు. అక్టోబరులో సీట్లు ఇరవైకి పడిపోయాయి, జాబితాని నడిపిన టిమ్మర్మాన్స్ తప్పుకున్నాడు, పగ్గాలు మళ్ళీ క్లావర్ చేతికొచ్చాయి. అన్నట్టు, 1957లో శాంతివాదులు నాటో విషయంలో కాదనుకున్నది ఈ లేబర్ పార్టీనే.