విశ్రాంతికి ముందూ తర్వాతా

‘సెకండాఫ్ తేలిపోయింది’ అంటే చాలు, తెలుగు ప్రేక్షకుడు తీర్పు చెప్పేసినట్టే. సినిమాను ఇలా రెండు సగాలుగా తూచే అలవాటు మనకు పాఠ్యపుస్తకాల నుంచి రాలేదు. 1979లో అమెరికన్ రచయిత సిడ్ ఫీల్డ్ రాసిన ‘స్క్రీన్‌ప్లే’ కథను మూడు అంకాలుగా పంచి, నడిమి అంకానికి సగం నిడివి కేటాయించింది. మనవాళ్లకు అంతకుముందే ఇంకో కొలత ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) రంగస్థలం నుంచి వచ్చినదే. అంకానికీ అంకానికీ మధ్య తెర దించే పద్ధతికి అలవాటుపడ్డ జనానికి సినిమా హాల్లో ‘విశ్రాంతి’ కొత్తగా తోచి ఉండదు. సోడాలు, పల్లీలు అమ్ముకోవడానికే ఆ విరామం, దానికీ కథకూ ఏం సంబంధమని అడగవచ్చు. వ్యాపారం మాట నిజమే. కానీ లేచి వెళ్లిన మనిషి మళ్లీ ఆత్రంగా వచ్చి కూర్చోవాలంటే, వెళ్లేటప్పుడు అతని మనసులో ఒక ముడి పడి ఉండాలి. ఆ ముడి వేయడం రచయిత పని.

కథ ముందే తెలిసినప్పుడు ఆ పని మరీ కష్టం. ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖకు అభిమన్యుడితోనే పెళ్లవుతుందని మొదటి రీలుకే అందరికీ తెలుసు. అందుకే దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి ‘ఎలా’ అన్నదాన్ని పట్టుకున్నారు. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక ప్రేక్షకుడికి తెలిసినది కౌరవులకు తెలియదు. నడిమి కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది, ఎక్కడా సాగదీసినట్టుండదు. ముగింపు విత్తనం కూడా ముందే పడింది: తొలి భాగంలో వేడుకలా చూపించిన సత్యపీఠమే చివర శకుని చేత నిజం కక్కిస్తుంది. ఆ పీఠం అప్పటికప్పుడు ఊడిపడి ఉంటే నవ్వు వచ్చేదేమో కానీ నమ్మకం కలిగేది కాదు.

మన ముగింపులు ‘శుభం’ కార్డుకు బానిసలన్న మాట నేను ఒప్పుకోను. ‘దేవదాసు’ (1953), ‘మరోచరిత్ర’ (1978) చావుతో ముగిసినా జనం గుండెకు హత్తుకున్నారు. వాళ్లు కోరినది సుఖాంతం కాదు, నడుమ పడిన ముడికి జవాబు. ‘శంకరాభరణం’ (1980)లో తులసి తన కొడుకును సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి ఇంట శిష్యుడిగా చేర్చేది నడిమి కథలోనే. చివరి కచేరీలో గురువు గొంతు ఆగినప్పుడు పాటను అందుకునేది ఆ పిల్లవాడే.